అమ్మా, మొక్కు తూకం గురించి

లెస్టర్,
నవంబర్ 16, 2025

అమ్మా,

మేం బాగున్నాం. చిట్టికి జలుబు తగ్గింది, దగ్గు ఇంకా కొంచెం ఉంది. నువ్వు పంపిన వాము వేడి చేసి గుడ్డలో కట్టి ఛాతీకి పెడుతున్నాను. మీ అల్లుడి దోస్తు వాళ్ల అమ్మానాన్నలు బుధవారం హన్మకొండకు వస్తున్నారు, ఈ ఉత్తరం వాళ్ల చేతికే ఇస్తున్నాను. రోజూ ఫోన్లో మాట్లాడుతూ ఉత్తరమెందుకే అంటావు. నా బరువు, మొక్కు తూకం సంగతి ఫోన్లో ఎత్తితే నీకు కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, నేను మాట మార్చేస్తాను. మూడుసార్లు అట్లే అయింది. అద్దాలు పెట్టుకుని తీరికగా చదువు. చదివాక బాపుకు కూడా ఇవ్వు.

ఆఫీసు మామూలే. వారానికి రెండు రోజులు పోతున్నాను, మిగతా రోజులు ఇంట్లోనుంచే. ఇక్కడ నాలుగు దాటితే చీకటి పడుతోంది.

దసరా నాడు పెద్దబాపు ఇంట్లో అందరూ కూడినప్పుడు వీడియో కాల్ చేశావు కదా. పెద్దమ్మ ఫోన్ దగ్గరికి వచ్చి, "ఇంత లావైనవేందే బిడ్డా, అక్కడ తినుడు తప్ప పనేం లేదా" అంది. పెద్దమ్మ మాట తీరే అంత, నేను పట్టించుకోలేదు. కానీ అమ్మా, నువ్వు ఫోన్‌ను అవతలికి తిప్పావు. గోడ మీద క్యాలెండర్, దాని కింద స్విచ్ బోర్డు, అవే కనబడుతూ ఉన్నాయి నాకు. మళ్లీ నీ ముఖం కనబడే సరికి నువ్వు కూర గురించి మాట్లాడుతున్నావు. నాకు ఇంకో మాట పడొద్దని తిప్పావని తెలుసు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మకు కూడా నేను ఏం చేయకుండా కూర్చున్నానని అనిపిస్తోందా అని ఒకటే ఆలోచన.

నేను కూర్చోలేదమ్మా. జనవరి నుంచి వారానికి ఐదు రోజులు నడుస్తున్నాను. ఇక్కడ అబ్బే పార్క్ అని ఉంది, పక్కనే సోర్ అనే నది పారుతుంది. పొద్దున మీ అల్లుడు చిట్టిని చూసుకుంటే నేను 45 నిమిషాలు తిరిగి వస్తాను. వాన పడినా కోటు వేసుకుని పోయాను. ఏప్రిల్ నుంచి ఇంట్లో బరువులు కూడా ఎత్తుతున్నాను, ఐదేసి కిలోల డంబెల్స్ రెండు కొన్నాం. గుంజీలు తీస్తున్నాను, నువ్వు చిన్నప్పుడు మమ్మల్ని తీయించినట్టే, ఇప్పుడు నాకు నేనే లెక్కపెట్టుకుంటున్నాను. చాయ్‌లో చక్కెర మానేసి పది నెలలైంది. రాత్రి అన్నం మానేశాను. గుజరాతీల దుకాణంలో జొన్నపిండి దొరుకుతుంది, రొట్టెలు చేస్తున్నాను. నీ అంత పలుచగా రావు, అంచులు విరుగుతాయి.

జనవరిలో 76 కిలోలున్నాను. మార్చికల్లా 73 అయింది. ఎంత సంతోషపడ్డానో. ఆ తర్వాత కాంటా అక్కడే ఆగిపోయింది. ఏప్రిల్, మే, జూన్. అదే నడక, అదే రొట్టె, అదే 73. ఒక్కోవారం 73న్నర. పొద్దున లేవగానే కాంటా ఎక్కడం, దిగి బాత్రూంలో ఏడవడం. ఒకరోజు చిట్టి వచ్చి నా కాలు పట్టుకుని తను కూడా కాంటా ఎక్కుతానంది. ఆ రోజు నుంచి రోజూ చూడటం మానేశాను, ఇప్పుడు వారానికి ఒక్కసారే.

నీకు ఒకటి ముందే చెప్పాలి, ఎందుకంటే నువ్వు అక్కతో అన్న మాట అక్క నాకు చెప్పింది. "కాన్పుకు పోయినప్పుడు నేనే నెయ్యి పోసి పోసి పెట్టిన, అందుకే గట్లైంది" అని అన్నావంట. అమ్మా, నీ నెయ్యి వల్ల కాదు. నువ్వు ఆ మూడు నెలలు సొంటి, ఎల్లిపాయ కారం, నువ్వుల ముద్దలు చేసి పెట్టకపోతే నేను మంచం దిగేదాన్ని కాదు. అది రెండేళ్ల కింద మాట. రెండేళ్ల కింద తిన్న నెయ్యి ఇప్పుడు నా బరువును ఆపి పట్టుకోదు. నీ మీద ఎప్పుడూ ఆ నింద వేసుకోకు, నేను బతిమాలుతున్నాను.

ఎందుకు ఆగిందో కొంత తెలిసింది. మొదట దిగిన మూడు కిలోల్లో కొంత నీరేనంట, తిండి తగ్గించగానే ఒంట్లో దాచిన నీరు ముందు పోతుంది. ఆ తర్వాత బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన తిండి కూడా తగ్గుతుంది. అంటే జనవరిలో నన్ను తగ్గించిన తిండే జూన్‌లో నన్ను ఉన్నచోట ఉంచడానికి సరిపోతుంది. ఇంకోటి, నేను మంచి తిండి తింటున్నాను కానీ తక్కువ తినడం లేదు. జొన్న రొట్టె మంచిదే, షుగర్‌కు మంచిదే, కానీ 100 గ్రాముల జొన్నపిండిలో 350 దాకా క్యాలరీలుంటాయి. బియ్యంలో కూడా అంతే. మంచిదని నేను నాలుగు రొట్టెలు తినేదాన్ని, పైన పల్లీల తొక్కు.

నూనె సంగతి తెలిశాక నాకు ఆశ్చర్యమేసింది. పోపుకు నేను కూడా నీలాగే చేతివాటంగా పోస్తాను. ఒకరోజు చెంచాతో కొలిచి పోశాను. పెద్ద చెంచా నూనెలో 120 క్యాలరీలు. కూరకు నాలుగు చెంచాలు పోస్తున్నానని తేలింది. నా 45 నిమిషాల నడకకు కరిగేది 200 దాకా. పొద్దున వానలో తడిసి నడిచిందంతా మధ్యాహ్నం బీరకాయ కూరలోనే తిరిగి వస్తోంది. పైగా చిట్టి వదిలేసిన ముద్దలు. పారేయడానికి మనసొప్పదు, నువ్వు మమ్మల్ని అట్లే పెంచావు. ఇప్పుడు దానికి ముందే తక్కువ పెట్టి, అడిగితే మళ్లీ పెడుతున్నాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. కంగారు పడకు. నాకు థైరాయిడ్ వచ్చింది, నీకున్నదే. మార్చిలో షుగర్ పరీక్షకు పోయినప్పుడు నీరసంగా ఉందంటే అది కూడా చూశారు. టీఎస్‌హెచ్ అని థైరాయిడ్ పరీక్షలో చూసే నంబరు 9.8 ఉంది, 4 లోపల ఉండాలి. మాత్ర రాశారు. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే పెద్దగా తగ్గలేదు. మందుల షాపామె అడిగింది, ఎట్లా వేసుకుంటున్నావు అని. లేవగానే చాయ్‌తో అన్నాను. చాయ్‌తో వేసుకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదని చెప్పింది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట ఆగాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల తేడా ఉండాలి. అమ్మా, నువ్వు ఇన్నేళ్లుగా థైరాయిడ్ మాత్ర చాయ్‌తోనే వేసుకుంటున్నావు! పైనుంచి మోకాళ్లకని క్యాల్షియం కూడా పొద్దున్నే. నీ చేతిలో చాయ్ కప్పు, పక్కన మాత్రల డబ్బా, నాకు కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. రేపటి నుంచే మార్చు. ఆరు వారాల తర్వాత పరీక్ష చేయించుకుని ఆ కాగితం డాక్టర్‌కు చూపించు, మందు మోతాదు ఆయనే చూస్తాడు. నువ్వంతట నువ్వు మాత్ర పెంచకు, తగ్గించకు.

నేను మార్చుకున్నాక ఆగస్టుకు నంబరు 3లోకి వచ్చింది, బరువు ఒక కిలో దిగింది. థైరాయిడ్ సరైతే బరువంతా పోతుందనుకున్నాను. అట్లా కాదంట, దాని వల్ల పెరిగేది కొన్ని కిలోలే, అందులో ఎక్కువ నీరే. మిగతాది నా పనే. సరే.

ఇంత పంతం ఎందుకంటావేమో. అందం కోసం కాదమ్మా. చిట్టి కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది కదా, నువ్వే నా పక్కన కూర్చుని వేలికి సూది గుచ్చినప్పుడల్లా ముఖం తిప్పుకునేదానివి. కాన్పయ్యాక పోయింది, కానీ అట్లా వచ్చినవాళ్లకు తర్వాత షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఏటేటా పరీక్ష చేస్తారు. బాపుకు ఉంది, బాపు వాళ్లమ్మకు ఉండేది. నాయనమ్మ కాలు పుండు నాకు ఇంకా గుర్తుంది. మన ఆసియా వాళ్లకు తక్కువ బరువుకే ఈ రోగాలు వస్తాయని నర్సు చెప్పింది. బీఎంఐ అంటే ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క, తెల్లవాళ్లకు అది 30 దాటితే ఎంత ముప్పో మనకు 27.5కే అంత. నాది ఇప్పుడు 29.

కానీ అమ్మా, మంచి మాట కూడా విను. పోయినేడు మూడు నెలల సగటు షుగర్ 6.1 ఉండేది, ఇప్పుడు 5.7. నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్ల నుంచి 90కి వచ్చింది. 80కి రావాలి, ఇంకా ఉంది. బరువులెత్తడంతో కండ పెరిగిందని, అందుకే కాంటా మీద కనబడకపోయినా నడుము తగ్గిందని నర్సు చెప్పింది. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా షుగర్ ముప్పు తగ్గుతుందంట. 76 నుంచి 72కు వచ్చాను, 5 శాతం దాటాను. ఆమె ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఏడ్చాను. పది నెలల్లో "నువ్వు తప్పు చేయలేదు" అని నాకు చెప్పిన మొదటి మనిషి ఆమె.

అక్కకు చెప్పు, ఆ బరువు తగ్గే ఇంజక్షన్ల వీడియోలు పంపొద్దని. అవి చెడ్డవని కాదు, డాక్టర్ అవసరమంటే చూస్తాను. ఇంకో బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం, కడుపుతో ఉన్నప్పుడు అవి వాడకూడదు. ఇది నీకు, బాపుకు మాత్రమే. కాజీపేట చిన్నమ్మ చెప్పిన పొడి కూడా వద్దు. అందులో ఏముందో డబ్బా మీద రాసి లేదు.

బాపు భద్రకాళి బండ్ మీద నడక మానలేదు కదా? చలికాలమని మానితే ఊరుకోకు. చెప్పులతో కాదు, బూట్లతో నడవమను. కాళ్లకు దెబ్బ తగిలితే బాపు చెప్పడు, నువ్వే చూడు.

మొన్న ఇక్కడ బతుకమ్మ ఆడాం, హాల్లో. తంగేడు లేదు, గునుగు లేదు, చామంతులతోనే పేర్చాం. మలీద ముద్దలు చేసి తీసుకుపోయాను. నేను రెండు తిన్నాను. ఆ రెండు తినకపోతే పండుగ చేసినట్టుండేది కాదు, అందుకని లెక్కలో రాసుకుని మరీ తిన్నాను. సంక్రాంతికి మేం అందుకోలేం కానీ సకినాలు దాచిపెట్టు, పది చాలు. డబ్బా నిండా పెట్టకు. సర్వపిండి మాత్రం నేను వచ్చాక వేడివేడిగా చెయ్యి, అది నేను రోజూ కలగంటున్నాను.

ఇప్పుడు మొక్కు. 2022 మేడారం జాతరలో నువ్వు సమ్మక్క గద్దె ముందు నిలబడి, నాకు బిడ్డ పుడితే తల్లీబిడ్డల ఎత్తు బంగారం, అదే బెల్లం, ఇస్తానని మొక్కావు. 2024లో చిట్టికి నాలుగు నెలలు, పాస్‌పోర్టే రాలేదు. ఈసారి జనవరి 28 నుంచి 31 దాకా అన్నారు, మేం 24న దిగుతున్నాం. టికెట్లు అయిపోయాయి, సెలవు దొరికింది.

పోయిన ఆదివారం నువ్వు మెల్లగా అన్నావు, నా తూకం ఇంట్లోనే చేసి బెల్లం కొనుక్కుపోదాం, చిట్టిని మాత్రం దుకాణంలో అందరి ముందు కూర్చోబెడదాం అని. పెద్దమ్మ వాళ్లు కూడా వస్తారని నీ భయం. నేను ఏం మాట్లాడలేదు, ఫోన్ మీ అల్లుడికి ఇచ్చాను. ఇప్పుడు చెబుతున్నాను. వద్దమ్మా. నువ్వు మొక్కింది నా ఎత్తు బంగారం. నాలుగేళ్లు బిడ్డ లేదని నలుగురూ నాలుగు మాటలన్నప్పుడు నువ్వు ఆ జనంలో, ఆ దుమ్ములో నిలబడి మొక్కావు. ఆ మొక్కుతో వచ్చిన బిడ్డను మోసిన ఒళ్లు ఇది. దీన్ని తలుపు మూసి తూచొద్దు. బీట్‌బజారులో ఎప్పుడూ కొనే దుకాణంలోనే కాంటా మీద కూర్చుంటాను, చిట్టిని ఒళ్లో పెట్టుకుని. పెద్దమ్మ ఏమన్నా అంటే నేనే జవాబు చెబుతాను, మర్యాదగానే చెబుతాను. నువ్వు నా పక్కన నిలబడు, చాలు.

జాతర దగ్గరపడితే బెల్లం రేటు పెరుగుతుంది, బాపును ఇప్పుడే చెప్పి పెట్టమను. నాకు 72, చిట్టికి 12, మొత్తం 84 కిలోలు. అప్పటికి ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అయితే అక్కడే సర్దుకుందాం. చిట్టితో రద్దీలో కష్టం, మూడో రోజు పోదామా, ఎప్పుడు పోదామో బాపునే ఆలోచించమను.

మాత్ర చాయ్‌తో వేసుకోకు.

నీ చిన్నబిడ్డ