వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ స్టాకులో మార్పులు: డిటెక్టర్‌కి తక్కువ ధరలో ఏది కొనాలి, ఏది వద్దు

నమస్కారం.

మేం అమ్మే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్‌లో కొన్ని రకాలు ఇకపై ఉండవు, కొన్ని కొత్తగా వస్తున్నాయి. మెటల్ డిటెక్టర్ కోసం మా దగ్గర సామాను కొనేవాళ్లకు ఈ మార్పు ఎందుకో వివరంగా చెప్పాలనిపించి రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే, తీరిగ్గా చదవండి.

మీలో చాలామంది అడిగేది ఇదే: “ఫోనుకు వాడే బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఇంట్లో ఉన్నాయి కదా, అవే డిటెక్టర్‌కి పెట్టుకుంటే సరిపోదా? మళ్లీ విడిగా కొనాలా?” కొందరికి సరిపోతాయి, ఎక్కువమందికి సరిపోవు. పాటలకు అద్భుతంగా ఉండే ఖరీదైన హెడ్‌ఫోన్స్ కూడా డిటెక్టర్ దగ్గరికొచ్చేసరికి తేలిపోవచ్చు. చూసి కొంటే చవకవి కూడా చక్కగా పనిచేస్తాయి. తేడా అంతా డిటెక్టర్‌లో పుట్టిన శబ్దం ఎంత ఆలస్యంగా మీ చెవికి చేరుతుందన్న దగ్గరే ఉంది.

పాట పావు సెకను ఆలస్యంగా మొదలైతే ఎవరికీ ఏమీ తెలియదు. వీడియో చూస్తున్నప్పుడు ఫోనే బొమ్మను ఆ మేరకు వెనక్కి జరిపి పెదవులకూ మాటలకూ పొంతన కుదురుస్తుంది. డిటెక్టర్‌కి అలాంటి వెసులుబాటు లేదు. డిటెక్టర్ రాడ్ చివర నేల మీదుగా ఊపే గుండ్రని పళ్లెం లాంటి కాయిల్ మీ చేతి ఊపుతో కదులుతూనే ఉంటుంది. కాయిల్‌ని సెకనుకు ఒక మీటరు వేగంతో ఊపుతున్నారనుకోండి, అది మామూలు వేగమే. సాధారణ బ్లూటూత్‌లో ఆలస్యం 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. 200 అనుకుంటే, బీప్ మీకు వినబడేసరికి కాయిల్ 20 సెంటీమీటర్లు ముందుకు వెళ్లిపోయింది. చాలా డిటెక్టర్లకు వచ్చే కాయిల్ 28 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే కాయిల్ వెడల్పులో మూడింట రెండు వంతులకు పైగా తేడా. అదే ఆలస్యం 40 మిల్లీసెకన్లయితే తేడా 4 సెంటీమీటర్లు, 17 అయితే 2 సెంటీమీటర్ల లోపే.

శుభ్రంగా ఉన్న నేలలో ఒక్క నాణెం ఉందంటే ఈ తేడాను సర్దుకోవచ్చు. కుడివైపు ఊపినప్పుడు బీప్ కుడికి జరిగి వినిపిస్తుంది, ఎడమవైపు ఊపినప్పుడు ఎడమకు జరుగుతుంది. రెండింటి మధ్యలో తవ్వితే సరి. పైగా వస్తువు సరిగ్గా ఎక్కడుందో తేల్చుకునే పిన్‌పాయింట్ మోడ్‌లో కాయిల్‌ని నెమ్మదిగా జరుపుతాం కాబట్టి అక్కడ ఆలస్యం అంతగా బాధించదు. అసలు చిక్కు మేకులు, ఇనుప ముక్కలు నిండిన చోట వస్తుంది. పక్కపక్కనే రెండు మేకులు, వాటి మధ్య ఒక చిన్న వెండి నాణెం ఉన్నాయనుకోండి. డిటెక్టర్ గుర్రుమని, చిన్నగా కీచుమని, మళ్లీ గుర్రుమంటుంది. ఇదంతా క్షణంలో జరిగిపోతుంది. ఆ కీచు ఎక్కడ పలికిందో చెవికీ చేతికీ ఒకేసారి తెలియాలి. తెలియకపోతే ఇనుమేలే అని వదిలేసి ముందుకు వెళ్లిపోతారు. వదిలేశామన్న సంగతి కూడా ఎప్పటికీ తెలియదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

దీని గురించి అందరూ ఎంతో కొంత విన్నదే. కొనేటప్పుడు ఎవరూ పట్టించుకోని రెండో సమస్య ఇంకొకటి ఉంది. చవక బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్లలో, హెడ్‌ఫోన్స్‌లో చాలావరకు బ్యాటరీ ఆదా కోసం, శబ్దం లేనప్పుడు అది వెళ్లే లైనును మూసేస్తాయి. మళ్లీ శబ్దం రాగానే తెరుస్తాయి, కానీ తెరుచుకునేలోపు మొదటి ముక్క పోతుంది. పాటలో ఆ ముక్క పోతే పట్టింపు లేదు. డిటెక్టర్‌లో ఒక్కోసారి మొత్తం బీపే ఆ ముక్క అంత ఉంటుంది. లోతులో ఉన్న చిన్న వస్తువు మీద కాయిల్ ఒక్కసారి దాటితే వచ్చే శబ్దం లైను తెరుచుకునేలోపే అయిపోతుంది, మీకు నిశ్శబ్దమే మిగులుతుంది. సన్నని హమ్ ఎప్పుడూ వినిపించే మోడ్‌లో వాడేవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే ఆ హమ్ లైనును తెరిచే ఉంచుతుంది. వస్తువు తగిలితేనే పలికే సైలెంట్ మోడ్‌లో తిరిగేవాళ్లకు మాత్రం ఇది పెద్ద నష్టం. హెడ్‌ఫోన్స్ పెట్టె మీద ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు. పెట్టుకుని చూసుకుంటేనే తెలుస్తుంది.

ఇక పెట్టె మీద రాసి ఉండే వాటి సంగతి. “బ్లూటూత్ 5.3” అన్న అంకె చూసి ఆలస్యం తక్కువనుకోకండి. వెర్షన్ నంబరుకూ ఆలస్యానికీ నేరుగా సంబంధం లేదు. శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిని కోడెక్ అంటారు, అసలు చూడాల్సింది అదే. అన్ని హెడ్‌ఫోన్స్‌లోనూ ఉండే ఎస్‌బీసీ కోడెక్‌తో నేను పైన చెప్పిన 200 మిల్లీసెకన్ల సంగతే. “ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ” (aptX Low Latency, అంటే తక్కువ ఆలస్యం) అనే కోడెక్‌తో అది 40 చుట్టుపక్కలకు దిగుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. పంపేవైపూ వినేవైపూ రెండింట్లోనూ ఆ కోడెక్ ఉండాలి. ఒక్క వైపే ఉంటే రెండూ చాలావరకు గుట్టుగా ఎస్‌బీసీకి దిగిపోతాయి, మీకు చెప్పవు కూడా. ఒట్టి “ఆప్ట్‌ఎక్స్” అని ఉంటే అది లో లేటెన్సీ అయినట్టు కాదు. “ఆప్ట్‌ఎక్స్ అడాప్టివ్” కొత్తది, మంచిదే, కానీ పాత లో లేటెన్సీ డిటెక్టర్‌తో అదే వేగంతో కలుస్తుందని నమ్మి కొనకండి. “గేమింగ్ మోడ్” అన్నది చాలావరకు హెడ్‌ఫోన్స్ లోపల శబ్దాన్ని నిల్వ ఉంచే సమయాన్ని తగ్గించడమే. కొంత మేలు ఉంటుంది, సిగ్నల్ కాస్త బలహీనపడగానే శబ్దం తెగుతుంది.

కాబట్టి కొనేముందు మీ డిటెక్టర్‌లో ఏముందో చూడండి. 2018లో వచ్చిన మైన్‌లాబ్ ఈక్వినాక్స్ లాంటి వాటిలో, నోక్టా లెజెండ్‌లో ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ లోపలే ఉంటుంది. వాటికి అదే కోడెక్ ఉన్న మామూలు మ్యూజిక్ హెడ్‌ఫోన్స్ హాయిగా సరిపోతాయి. డిటెక్టర్ కంపెనీ పేరున్నవే కొనాల్సిన పని లేదు. మాకు లాభం మిగిలేది కంపెనీ హెడ్‌ఫోన్స్ మీదే, అయినా ఈ మాట చెప్పాలి. గారెట్ కంపెనీ వాళ్ల జెడ్-లింక్, ఎక్స్‌పీ కంపెనీ వాళ్ల డియస్ డిటెక్టర్ల పద్ధతి వేరు. అవి బ్లూటూత్ కాదు, సొంత రేడియో. జెడ్-లింక్ ఆలస్యం 17 మిల్లీసెకన్లని కంపెనీ చెబుతుంది. డిటెక్టర్ లోపలి సొంత రేడియోతో నేరుగా వినాలంటే ఆ పద్ధతికి సరిపడే హెడ్‌ఫోన్సే కావాలి. అక్కడ చవకగా లాగిద్దామని చూడకండి.

డిటెక్టర్‌లో వైర్‌లెస్సే లేదా? అప్పుడు జాక్‌కి తగిలించే ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జత తీసుకోండి. నా లెక్కలో తక్కువ ఖర్చులో మంచి దారి ఇదే. రిసీవర్‌ని చొక్కాకో టోపీకో క్లిప్ పెట్టుకుని, మీ దగ్గర ఇప్పటికే ఉన్న వైరు హెడ్‌ఫోన్స్‌ని పొట్టి తీగతో దానికి గుచ్చుకోవచ్చు. చెవికి అలవాటైన శబ్దం అలాగే ఉంటుంది, డిటెక్టర్‌కీ మీకూ మధ్య వేలాడే వైరు పోతుంది. కొందరు గిటారు వాయించేవాళ్ల 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ జతలు వాడుతున్నారు. వాటిలో ఆలస్యం చాలా తక్కువ, కొన్ని మిల్లీసెకన్లే. అయితే రిసీవర్‌కి హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఉందో లేదో చూసుకోవాలి, డిటెక్టర్ వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టాలి. గిటారు నుంచి వచ్చే సిగ్నల్ సన్నగా ఉంటుంది, డిటెక్టర్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వచ్చేది దానికి చాలా ఎక్కువ. తగ్గించకపోతే శబ్దం చిరిగినట్టు వస్తుంది.

ట్రాన్స్‌మిటర్‌ని ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యం. కంట్రోల్ బాక్స్ దగ్గరే, రాడ్ పైభాగానికి కట్టండి. కిందికి, కాయిల్ దగ్గరికి వెళ్తే కాయిల్ దాన్నే వస్తువనుకుంటుంది. మన ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు మింగేస్తుంది. డిటెక్టర్ కుడిచేతిలో ఉండి, రిసీవర్ ఎడమ జేబులో ఉంటే మధ్యలో మీ ఒళ్లే అడ్డు. శబ్దం తెగుతోందని మాకు ఫోను చేసేవాళ్లలో చాలామందికి రిసీవర్‌ని కుడివైపు మార్చుకోగానే సమస్య తీరిపోతోంది. నీటి అడుగున వెతికేవాళ్లకు కూడా ఇదే కారణంగా వైర్‌లెస్ పనికిరాదు. కాయిల్ మాత్రమే నీళ్లలో ఉండి ట్రాన్స్‌మిటర్ పైన ఉన్నంతసేపు ఫరవాలేదు. మునిగితే వాటర్‌ప్రూఫ్ వైరు హెడ్‌ఫోన్సే.

జాక్ గురించి రెండు మాటలు. కొన్ని డిటెక్టర్లకు 6.35 మిల్లీమీటర్ల పెద్ద జాక్ ఉంటుంది, కొన్నింటికి 3.5. ముందు అది చూసుకోండి. పాత డిటెక్టర్లలో మోనో జాక్ ఉంటే మామూలు స్టీరియో పిన్ గుచ్చగానే ఒక్క చెవిలోనే శబ్దం వస్తుంది. హెడ్‌ఫోన్స్ పాడైపోయాయని వెనక్కి పంపకండి. మోనో నుంచి స్టీరియోకి మార్చే చిన్న అడాప్టర్ పెడితే రెండు చెవుల్లోనూ వస్తుంది. ఇకపై ట్రాన్స్‌మిటర్ జతతో పాటు ఈ అడాప్టర్‌ని మేమే పెట్టెలో వేసి పంపుతాం.

నాయిస్ క్యాన్సిలింగ్‌కి డబ్బు పెట్టకండి. బయటి శబ్దం పూర్తిగా ఆగితే వెనకనుంచి వచ్చే మనిషీ, బండీ, కుక్కా ఏదీ తెలియదు. ఆరుబయట ఒంటరిగా తలొంచుకుని నడిచేవాళ్లకు అది మంచిది కాదు. చెవిని కప్పే మామూలు మెత్తలు గాలి హోరును ఆపితే చాలు. బేస్ ఎక్కువున్నవి కూడా వద్దు, బీప్ మొద్దుబారిపోతుంది. హెడ్‌ఫోన్స్ మీదే వాల్యూమ్ తిప్పుకునే వీలుండాలి. ఎందుకంటే లోతులోని సన్నని శబ్దం కోసం వాల్యూమ్ పెంచుకుని ఉన్నప్పుడు, పైనే పడి ఉన్న డబ్బా మూత మీద కాయిల్ వెళ్తే చెవి గింగుర్లెత్తుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షితమని చెప్పే పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవికి పెట్టుకునేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇక మా స్టాకు. కోడెక్ పేరు రాయకుండా ఒట్టి “వైర్‌లెస్, డిటెక్టర్ స్పెషల్” అని వచ్చే హెడ్‌ఫోన్స్‌ని తెప్పించడం ఆపేశాం. అవి అడుగుతూ వచ్చేవాళ్లు ఉన్నారని తెలుసు, అవి బాగా అమ్ముడయ్యేవే. అయినా వద్దనుకున్నాం. చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌బడ్స్ కూడా తీసేస్తున్నాం. వంగి తవ్వేటప్పుడు జారి మట్టిలో పడిపోతాయి, ఒక్క ఛార్జింగ్‌తో రోజంతా రావు. వాటి స్థానంలో మూడు రకాలు ఉంటాయి: ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ హెడ్‌ఫోన్స్, తక్కువ ఆలస్యం ఉన్న ట్రాన్స్‌మిటర్-రిసీవర్ జతలు, వైరు హెడ్‌ఫోన్స్. అవును, వైరువి కూడా. బడ్జెట్ బిగువుగా ఉన్నవాళ్లకు నా మొదటి సలహా ఇప్పటికీ సాగే చుట్టల వైరున్న మంచి హెడ్‌ఫోన్సే. ఆలస్యం లేదు, ఛార్జింగ్ టెన్షన్ లేదు.

కొన్నాక ఇంట్లోనే పరీక్షించుకోండి. మోడ్ సైలెంట్‌లో పెట్టి, నేల మీద నాణెం పెట్టండి. కాయిల్‌ని మీరు బయట ఊపే వేగంతోనే ఎడమ నుంచి కుడికి ఊపి, బీప్ వినిపించినప్పుడు కాయిల్ మధ్యభాగం ఎక్కడుందో సుద్దతో గీయండి. మళ్లీ కుడి నుంచి ఎడమకు ఊపి గీయండి. రెండు గీతల మధ్య దూరంలో సగం మీ తేడా. వైరు హెడ్‌ఫోన్స్‌తో కూడా ఇదే చేయండి, ఎందుకంటే డిటెక్టర్‌కి కూడా తనదైన చిన్న ఆలస్యం ఉంటుంది. రెండు ఫలితాల మధ్య తేడాయే వైర్‌లెస్ వల్ల వచ్చినది. ఆ తర్వాత కాయిల్‌ని నాణేనికి దూరంగా కదలకుండా ఒక నిమిషం ఉంచి, ఒక్కసారి చురుగ్గా దాని మీదుగా పోనివ్వండి. వైరులో వినిపించిన బీప్ వైర్‌లెస్‌లో వినిపించకపోయినా, తోక ముక్క ఒక్కటే వినిపించినా, ఆ హెడ్‌ఫోన్స్ మీ డిటెక్టర్‌కి పనికిరావు. మా దగ్గర కొన్నవైతే ఈ కారణం చెప్పి వెనక్కి ఇవ్వవచ్చు. పెట్టె విప్పారని, ఒకటి రెండు సార్లు బయటికి తీసుకెళ్లారని అభ్యంతరం పెట్టం. పరీక్షకు ముందు మీ ఫోనులో ఆ హెడ్‌ఫోన్స్ పెయిరింగ్ తీసేయండి, లేకపోతే డిటెక్టర్‌కి బదులు ఫోనుకు వెళ్లి అతుక్కుంటాయి.

ఏది కొనాలో తేల్చుకోలేకపోతే మాకు రాయండి. డిటెక్టర్ మోడల్, జాక్ సైజు, సైలెంట్ మోడ్‌లో వాడతారా హమ్‌తో వాడతారా, నీళ్లలోకి దిగుతారా అన్నవి రాస్తే చాలు. జాక్ సైజు తెలియకపోతే పిన్ పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపండి. మీ దగ్గర ఉన్న హెడ్‌ఫోన్సే సరిపోతాయనిపిస్తే ఆ మాటే రాస్తాం.