పాఠాల వీడియోలకు సరిచూసిన తెలుగు క్యాప్షన్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదువుతున్న మా మనవరాలికి చిన్నప్పటి నుంచీ వినికిడి తక్కువ. బడిలో అందని భౌతికశాస్త్ర పాఠాలను ఇంటికొచ్చాక యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటుంది. మాస్టారు కెమెరాకు ఎదురుగా నిలబడి చెబుతున్నంతసేపు పెదవుల కదలికను బట్టి కొంత గ్రహిస్తుంది గానీ, ఆయన బోర్డు వైపు తిరిగితే తెర అడుగున వచ్చే క్యాప్షన్లే దిక్కు. మొన్న కటకాల పాఠంలో, కటకం నుంచి దాని నాభికి ఉండే దూరాన్ని చెబుతూ ‘నాభ్యంతరం 20 సెంటీమీటర్లు’ అని ఆయన అన్నచోట, మాటలను విని తనంతట తానే క్యాప్షన్లు రాసే యంత్రం ‘నా అభ్యంతరం 20 సెంటీమీటర్లు’ అని చూపింది. నాకు నవ్వొచ్చింది, ఆ పదాన్ని తొలిసారి చూస్తున్న పిల్ల మాత్రం దాన్నే నోట్సులో రాసుకుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడిని, తీరిక ఉన్నవాడిని గనుక సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ పాఠానికి క్యాప్షన్లు నేనే తయారుచేశాను. ధ్వని తరంగాల గీతను చూసుకుంటూ ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో గుర్తించి, రెండు వరుసలు మించకుండా, అర్థం తెగని చోట వాక్యాన్ని విరవాలి. మొదటిసారి ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి తప్పు ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతిలో) భద్రపరచడంతో తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. తెలుగు అక్షరాలు చెడకుండా ఉండాలంటే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్ ఎంచుకోవాలని అప్పుడు తెలిసింది. 18 నిమిషాల ఆ పాఠానికి రెండు సాయంత్రాలు పట్టాయి, తర్వాతి పాఠానికి ఒక్కటే సరిపోయింది.

అయితే ఆ ఫైలును వీడియోకు జతచేసే వీలు ఛానెల్ యజమానికే ఉంది. ప్రేక్షకులు క్యాప్షన్లు రాసి పంపే సౌకర్యాన్ని యూట్యూబ్ 2020 సెప్టెంబరులో ఎత్తివేసింది. సదరు ఛానెల్ వారికి ఫైళ్లు మెయిల్ చేసి మూడు నెలలైనా బదులు లేదు.

ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో క్లోజ్డ్ క్యాప్షన్లు, సంజ్ఞా భాష అనువాదం అందేలా చూడాల్సిన బాధ్యతను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 42వ సెక్షన్ కింద, ప్రభుత్వాలపైనే పెట్టింది. 2011 జనగణన లెక్కల్లోనే వినికిడి లోపం ఉన్నవారు దేశంలో 50 లక్షలు దాటారు. కనుక మన రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ప్రజాధనంతో తీయించే పాఠాలకైనా, ఆ సబ్జెక్టు బోధించే ఉపాధ్యాయుడు సరిచూసిన క్యాప్షన్ ఫైలు అందితేనే బిల్లు చెల్లించాలన్న నిబంధన పెట్టాలని కోరుతున్నాను. యంత్రం చిత్తుప్రతి రాయడంపై నాకేమీ అభ్యంతరం లేదు, దాన్ని ఎవరో ఒకరు చదివి దిద్దితే చాలు. ఆపాటి ఖర్చు భరించలేమనే ప్రైవేటు ఛానెళ్లు, ప్రేక్షకులు చేసిపెట్టిన ఫైళ్లు తీసుకునేందుకు ఒక ఈమెయిల్ చిరునామానైనా వీడియో కింద ఇవ్వాలి. నా దగ్గర ఇప్పటికే రెండు ఫైళ్లు సిద్ధంగా ఉన్నాయి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి