మన కీర్తనల ధ్యాన కూడిక: వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఏడాది మొదట్లో తీర్మానించుకున్నట్టే వారానికి మూడు చొప్పున బైబిల్లోని 150 కీర్తనలూ చదివి ముగించాం. 50 గురువారాలు పట్టింది. శ్రమల వారం, క్రిస్మస్ వారం మాత్రమే ఆపాం. చిలకలగూడ, మెట్టుగూడ, తార్నాకల్లో ఇళ్లిచ్చి, వచ్చినవాళ్లందరికీ టీ పోసిన కుటుంబాలకు, వానలో కూడా హార్మోనియం మోసుకొచ్చిన అన్నగారికి, ప్రతి కూడికకూ ముందే వచ్చి చాపలు పరిచిన పాస్టరమ్మగారికి కృతజ్ఞతలు.

ఇష్టమైనవి చదువుకుంటే చాలదా అని మొదట్లో కొందరు అడిగారు. 23, 91, 121 మనకు నోటికొచ్చు. పెళ్లికి 128, కొత్తింటికి 127 తీస్తాం. తక్కిన పేజీలు అంటుకుపోయి ఉంటాయి. వరుసగా చదివాకే కదా విలాపాలు ఎన్ని ఉన్నాయో తెలిసింది! 13వ కీర్తనలో దావీదు రెండు వచనాల్లోనే 'ఎంతకాలం' అని నాలుగుసార్లు అడుగుతాడు. అయినా చివరికి పాడతాడు. హేమాను రాసిన 88వ కీర్తనకు ఆ మలుపు కూడా లేదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని వదిలేద్దామన్న మాట కమిటీలో వచ్చింది. వదల్లేదు.

రెండు నెలల తర్వాత మెట్టుగూడలో ఒక ఆదరణ కూడిక. చేతికందిన కొడుకును పోగొట్టుకున్న ఇల్లు. అలవాటుగా 23 తీయబోతే ఆ తల్లి ఆపి, "ఆ చీకటితో అయిపోయేది చదివారే, అది చదవండి" అంది. చదివాం. ఎవరమూ వివరణ చెప్పలేదు. చాలాసేపు ఏడ్చాక, 'యెహోవా నా కాపరి' అని ఆ 23ను తనే ఎత్తుకుంది. ఏడాది కష్టానికి నాకు ఇంతకన్నా ఫలం అక్కర్లేదు.

119వ కీర్తన చదివిన రోజు గురించి ఎంత చెప్పినా తక్కువే. మొత్తం 176 వచనాలు. హెబ్రీ అక్షరాల వరుసలో 22 భాగాలు, భాగానికి ఎనిమిది వచనాలు. 22 మందికి తలో భాగం పంచాం. మొదటి భాగం 'ఆలెఫ్' రెండో తరగతి పాప తడబడకుండా చదివింది. చివరి భాగం 'తౌ' ఎనభై దాటిన తాతగారికి ఇచ్చాం. తప్పిపోయిన గొర్రె వచనం దగ్గర ఆయన గొంతు పూడుకుపోతే హాలంతా అందుకుని ముగించింది. అయితే పేర్లిచ్చినవాళ్లలో ఐదుగురు రాలేదు, ఫోనూ ఎత్తలేదు. వాళ్ల భాగాల్లో మూడు ఆ పాప వాళ్లమ్మే చదవాల్సి వచ్చింది. పేరు ఇవ్వడమంటే మాట ఇవ్వడమే కదా!

ఆసుపత్రి సందర్శనకూ ఇదే తీరు. చేతులెత్తినవాళ్లు చాలామంది, నెలనెలా వచ్చింది ఇద్దరు. కమ్యూనిటీ హాలు దరఖాస్తు పట్టుకుని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాం. 'సారు లేరు' అన్నారు. అది ఇంకా అక్కడే ఉంది.

జమాఖర్చుల పత్రం కోశాధికారిగారి దగ్గర ఉంది, చూసి సంతకం చేయగలరు. కానుకలిచ్చిన వారికి వందనాలు.

వచ్చే ఏడాది 120 నుంచి 134 వరకున్న పదిహేను యాత్రకీర్తనలనూ పదిహేను ఇళ్లలో చదవాలని కమిటీ ఆలోచన. ఇల్లు ఇవ్వగలిగినవారు ఈ రోజు భోజనాలకు లేచేలోపే నా దగ్గర పేరు రాయించండి.

ప్రభువు సేవలో,
కార్యదర్శి