కమిషనర్ గారూ, మీరు చెప్పినవన్నీ చేశాం. పాలసీ ఎక్కడ?

కాలిఫోర్నియా ఇన్సూరెన్స్ కమిషనర్ రికార్డో లారా గారికి,

నమస్కారం. ఇంగ్లీషులో పెట్టాల్సిన అప్పీళ్ళు, అర్జీలు ఎవరెవరికి పెట్టాలో వాళ్ళందరికీ పెట్టాం. కొన్నిటికి అచ్చు కొట్టిన జవాబులు వచ్చాయి, కొన్నిటికి అవి కూడా రాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందూ రాస్తున్నాను. తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఫాల్సమ్, ఎల్ డొరాడో హిల్స్, శాన్ రమోన్, డాన్‌విల్ కొండవాలు ఇళ్ళలో ఉంటున్న మావాళ్ళు చాలామంది ఇంటి ఇన్సూరెన్స్ పోయిందన్న ఇదే టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర లేకుండా ఉన్నారు. ఇది ముందు వాళ్ళు చదవాలి. వాళ్ళలో ఎవరో ఒకరు దీన్ని మీ దాకా చేరుస్తారని నమ్ముతున్నాను.

మాది ఎల్ డొరాడో హిల్స్. ఇల్లు కొన్న నాటి నుంచి ఒకే కంపెనీ దగ్గర పాలసీ. ఒక్క వాయిదా ఆలస్యం చేయలేదు, ఒక్క క్లెయిమ్ పెట్టలేదు. ఒకరోజు పోస్టులో పల్చటి కవరు వచ్చింది. అడవి మంటల రిస్కు కారణంగా మీ పాలసీ రెన్యూ చేయడం లేదు అని రెండు వాక్యాలు. చట్టం ప్రకారం 75 రోజుల ముందు చెప్పాలి కాబట్టి చెప్పారు. ఏజెంటుకి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి పాపం, "అండర్‌రైటింగ్ వాళ్ళ నిర్ణయం మేడమ్, నా చేతిలో ఏం లేదు" అన్నాడు. ఎవరి చేతిలో ఉందో మాత్రం అతనికీ తెలియదు.

మా ఇంటి వెనక ఎండు గడ్డి వాలు ఉన్న మాట నిజమే. మా కౌంటీలోనే 2021 ఆగస్టులో కాల్డార్ మంటలు రేగి గ్రిజ్లీ ఫ్లాట్స్‌లో చాలా ఇళ్ళు బూడిదయ్యాయి. ఆ పొగ మా వీధిలో రోజుల తరబడి కమ్ముకుని ఉంది. రిస్కు లేదని మేమెవరం అనడం లేదు. ఉంది కాబట్టే మీరు చెప్పినవన్నీ చేశాం.

2022 అక్టోబరులో మీరు 'సేఫర్ ఫ్రమ్ వైల్డ్‌ఫైర్స్' రూలు తెచ్చినప్పుడు మేమెంత సంతోషించామో మీకు తెలియదు. ఇంటిని గట్టి చేసుకుంటే కంపెనీలు డిస్కౌంట్ ఇవ్వాలి, ఇంటి రిస్కు స్కోరు ఎంతో చెప్పాలి, అది ఎలా తగ్గుతుందో చెప్పాలి, ఒప్పుకోకపోతే అప్పీలు చేసుకునే హక్కు ఇవ్వాలి అన్నారు. ఆ జాబితా ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాం. అటకకి గాలి పోయే వెంట్లకి కందిగింజ దూరిపోయే పాత జాలీ ఉండేది. దాన్ని పీకించి అంగుళంలో ఎనిమిదో వంతు కూడా సందు లేని స్టీలు జాలీ వేయించాం, నిప్పురవ్వ లోపలికి పోకుండా. గోడ చుట్టూ పరిచిన చెక్కపొట్టు ఎత్తేసి కంకర పోయించాం. ఇంటికి ఆనుకుని ఉన్న చెక్క ఫెన్సు కోయించి ఆ ముక్క వరకు ఇనుపది పెట్టించాం. చూరు కింద తెరిచి ఉన్న సందులన్నీ మూయించాం. పైకప్పు ముందునుంచీ మంటని బాగా తట్టుకునే క్లాస్ ఏ రకమే.

ఇక ఐదు అడుగుల జోను. గోడకి ఐదు అడుగుల లోపల కాలే వస్తువేదీ ఉండకూడదు కదా. మా అత్తగారు వచ్చిన ప్రతిసారీ ఆరు నెలలు ఉండి, దక్షిణం గోడవారన మల్లె తీగ పెంచారు. ఇక్కడి చలికి దుప్పటి కప్పి, ఎండకి నీళ్ళు పోసి, ఎంతో ఓపిగ్గా బతికించుకున్న తీగ అది. కిటికీ దాకా పాకింది. దాన్ని మొదలుకంటా నరకాల్సి వచ్చింది. కరివేపాకు కుండీలో ఉంది కనక పెరటి చివరికి జరిగింది. ఆవిడ ఏమీ అనలేదు. "ఇల్లు నిలబడితే చాలమ్మా" అన్నారు. ఆవిడ ఆ మాట అన్నది మీ జాబితాను నమ్మిన నన్ను నమ్మి.

మా వీధి వాళ్ళందరం చేతులు కలిపి, మంటల నుంచి కాపాడుకునే పనులు చేసే వీధులకిచ్చే ఫైర్‌వైజ్ గుర్తింపు కూడా తెచ్చుకున్నాం. శనివారాలు పిల్లలతో సహా గట్టర్లలో ఆకులు తీశాం, వాలు మీద గడ్డి కొట్టించాం. చేసిన ప్రతి పనికీ ఫొటో తీసి, బిల్లు జత చేసి కంపెనీకి పంపాం. ఆ తర్వాత వచ్చిన కవరే నేను పైన చెప్పింది.

అప్పీలు చేశాం. స్కోరు అలాగే ఉంది. ఎందుకు తగ్గలేదని అడిగితే వాలు, చుట్టుపక్కల చెట్టూ పొదా, మంట వస్తే బండ్లు చేరే దారి అని రాశారు. అయ్యా, వాలు నేనెలా మార్చగలను? ఆ పొద ఉన్న నేల నాది కాదు. కాళ్ళావేళ్ళా పడితే చివరికి పైనుంచి తీసిన ఫొటో ఒకటి పంపారు. అందులో మల్లె తీగ ఉంది. చెక్కపొట్టు ఉంది. పాత ఫెన్సూ ఉంది. ఎప్పుడు తీశారో ఫొటో మీద తేదీ లేదు. మేం పంపిన కొత్త ఫొటోలు ఎవరైనా తెరిచి చూశారా అని రాస్తే ఇప్పటికీ జవాబు లేదు.

మీ రూలులో ఉన్న లోపం ఇదే, కమిషనర్ గారూ. డిస్కౌంట్ ఇవ్వాలన్నారు, బాగుంది. కానీ పాలసీ ఉంటేనే కదా డిస్కౌంట్? ఇన్ని పనులు చేసిన ఇంటికి పాలసీ ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. పాలసీయే తీసేసిన కంపెనీ మాకు ఏ బిల్లు మీద ఎంత తగ్గించాలి? అప్పీలు హక్కు ఇచ్చారు, కానీ ఆ అప్పీలు వినేది ఆ కంపెనీయే. తీర్పు చెప్పేదీ వాళ్ళే, ముద్దాయీ వాళ్ళే అయితే మా మాట వినేదెవరు?

వేరే కంపెనీలు చూసుకోమంటారు. చూశాం. పిన్ కోడ్ చెప్పగానే చాలామంది ఫోన్ పెట్టేస్తారు. కొందరు వెబ్‌సైట్‌లో వివరాలన్నీ నింపాక చివరి పేజీలో మీ ప్రాంతంలో కొత్త పాలసీలు ఇవ్వడం లేదంటారు. ఆల్‌స్టేట్ 2022లోనే కొత్తవి ఆపింది, స్టేట్ ఫార్మ్ 2023 మేలో ఆపింది, 2024లో 72,000 పాలసీలు తీసేస్తున్నానని ప్రకటించింది. ఇవన్నీ మీకు తెలిసినవే. ఒక బ్రోకరు రాష్ట్రం లైసెన్సు లేని బయటి కంపెనీ పాలసీ చూపించాడు. దాని రేట్లకి మీ అనుమతి అక్కర్లేదు, రేపు అది దివాళా తీస్తే రాష్ట్ర గ్యారంటీ ఫండు ఆదుకోదు. అదీ మా పాత ప్రీమియానికి మూడింతలు పైమాట.

చివరికి అందరూ చేరే చోటికే మేమూ చేరాం, ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ కలిసి నడిపే ఫెయిర్ ప్లాన్. 1968లో పెట్టినప్పుడు ఇది వేరే గతి లేనివాళ్ళ కోసం, కొంతకాలం కోసం. ఇప్పుడు లక్షల కుటుంబాలు అందులో ఉన్నాయి, మా వీధిలో సగానికి పైగా అదే. అదిచ్చేది మంట, పిడుగు, లోపలి పేలుడు, పొగ. వంటింట్లో పైపు పగిలి నేలంతా ఉబ్బిపోతే రాదు. దొంగలు పడితే రాదు. మా మెట్ల మీద ఎవరైనా జారిపడి కేసు వేస్తే రాదు. వాటికి వేరే కంపెనీ దగ్గర ఇంకో పాలసీ కొనాలి. రెండు పాలసీలు, రెండు బిల్లులు, క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన డిడక్టిబుళ్ళూ రెండు. రేపు ఏదైనా జరిగితే ఇది నీ బాధ్యతంటే నీ బాధ్యతని ఆ రెండు కంపెనీలు వాదించుకుంటాయేమోనన్న భయం. అంతా కలిపి ఇంతకు ముందు కట్టినదానికి మూడింతలు, దొరికిన రక్షణ అంతకన్నా తక్కువ. ఆ ఫెయిర్ ప్లాన్ కూడా 2025లో సగటున 35.8 శాతం పెంపు కావాలని మీకే అర్జీ పెట్టుకుంది.

ఇన్సూరెన్స్ సొమ్ము లోను వాయిదాతో పాటే వసూలు చేసి దాచే ఎస్క్రో ఖాతా నుంచి పోతుంది కాబట్టి ఆ పెంపు మా నెలవారీ లోను వాయిదాలో వచ్చి పడింది. పోయిన ఏడాది తక్కువైన సొమ్ము, రాబోయే ఏడాది పెరిగే సొమ్ము, రెండూ కలిపి ఒకేసారి. పాలసీ లేకుండా ఉందామంటే లోనిచ్చిన వాళ్ళు ఊరుకోరు. వాళ్ళే ఒక పాలసీ తెచ్చి మా నెత్తిన పెడతారు, దాని ఖరీదు ఇంకా ఎక్కువ, అది కాపాడేది వాళ్ళ అప్పుని. ఇల్లు అమ్ముదామంటే కొనేవాళ్ళకీ ఇన్సూరెన్స్ దొరకాలి, దొరకకపోతే వాళ్ళకి లోను రాదు. మా వీధిలోనే ఇల్లు కొందామని వచ్చిన ఒక తెలుగు కుటుంబం బేరం కుదిరి, అడ్వాన్సు కట్టి, ఇన్సూరెన్స్ కోట్ చూసి వెనక్కి వెళ్ళిపోయింది. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది మా పరిస్థితి.

మా పక్కింటి పెద్దావిడ సంగతి ఇంకా బాధ. భర్త లేడు, లోను ఎప్పుడో తీరిపోయింది, పెన్షన్ మీద బతుకుతోంది. ఆవిడకీ అలాంటి కవరే వచ్చింది. ఫెయిర్ ప్లాన్ బిల్లు చూసి ఇన్సూరెన్సే మానేసింది. జీవితమంతా కూడబెట్టింది ఆ ఒక్క ఇల్లే, దానికి ఈరోజు ఏ రక్షణా లేదు. మా గడ్డి కొట్టే పనికి డెబ్బై దాటిన వయసులో ఆవిడే అందరికన్నా ముందొచ్చింది.

మీ కొత్త వ్యూహం గురించి విన్నాం. 2024 డిసెంబరులో వచ్చిన రూల్స్‌తో కంపెనీలు క్యాట్ మోడళ్ళు, అంటే రాబోయే విపత్తుల నష్టాన్ని కంప్యూటర్‌తో అంచనా వేసే లెక్కలు, వాడి రేట్లు పెంచుకోవచ్చు, రీఇన్సూరెన్స్, అంటే కంపెనీలు తమ కోసం కొనుక్కునే ఇన్సూరెన్స్, ఖర్చు కూడా మా మీద వేసుకోవచ్చు. బదులుగా రిస్కు ప్రాంతాల్లో తమ రాష్ట్ర వాటాలో 85 శాతం మేర పాలసీలు రాయాలి. రాష్ట్రంలో వందకి 20 ఇళ్ళు రాసే కంపెనీ మాలాంటి చోట్ల వందకి 17 రాయాలన్న మాట. వినడానికి బాగుంది. కానీ అక్కడి పాలసీలు రెండేళ్ళలో 5 శాతం పెంచినా చాలన్న వెసులుబాటు కూడా మీరే ఇచ్చారు. వాళ్ళ పెంపు వెంటనే, మా పాలసీ రెండేళ్ళ తర్వాత, అదీ మా ఇంటికే వస్తుందన్న హామీ లేకుండా. కంపెనీ తన లెక్క పూర్తి చేసుకోవడానికి వాలు లేని ఇళ్ళనే ఏరుకుంటే మా వీధి సంగతేంటి? కనీసం ఇంటిని గట్టి చేసుకున్నవాళ్ళకి ముందు ఇవ్వండని ఒక్క మాట రాయలేకపోయారా?

2025 జనవరి 7న పాలిసేడ్స్, ఈటన్ మంటల్లో 16 వేలకు పైగా కట్టడాలు పోయాయి. వాళ్ళ కష్టం ముందు మాది చిన్నదే, అది మర్చిపోలేదు. ఆ క్లెయిములు కట్టడానికి ఫెయిర్ ప్లాన్ దగ్గర డబ్బు చాలక కంపెనీల నుంచి 100 కోట్ల డాలర్లు తీసుకోవడానికి మీరు ఫిబ్రవరిలో అనుమతిచ్చారు. అందులో సగం దాకా కంపెనీలు తమ కస్టమర్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు. మేలో స్టేట్ ఫార్మ్‌కి ఇళ్ళ మీద 17 శాతం అత్యవసర పెంపు ఇచ్చారు. కంపెనీ నిలబడాలి, లేకపోతే క్లెయిములే రావంటారు. ఒప్పుకుంటాను. కంపెనీకి అత్యవసరం అంటే నెలల్లో తేల్చారు. మా అత్యవసరం ఎవరు తేలుస్తారు?

సెనేటర్‌గా ఉన్నప్పుడు 2018లో మీరు తెచ్చిన చట్టం వల్ల మంటలు రేగిన చోట, దాని పక్క పిన్ కోడ్లలో ఏడాది పాటు పాలసీలు తీసేయకూడదు. ఎంతోమందిని కాపాడిన మంచి చట్టం అది. కానీ మంట రాకుండా కాపలా కాసుకున్న వీధికి ఆ ఏడాది కూడా లేదు. మంట వస్తేనే రక్షణ అంటే మేం దేనికోసం ఎదురుచూడాలి?

1988లో ఈ రాష్ట్రం ప్రజలు ప్రపోజిషన్ 103కి ఓటేసి, కమిషనర్‌ని గవర్నరు కాదు, మేమే ఎన్నుకుంటామన్నారు. మీరు ప్రజల ఓటుతో ఆ కుర్చీలో ఉన్నారు. మాలో చాలామందికి గ్రీన్ కార్డు కూడా రాలేదు, ఓటు లేదు. కానీ ఇల్లు ఉంది, పన్ను కడుతున్నాం, పిల్లలు ఇక్కడి బళ్ళలోనే చదువుతున్నారు. ఓటు లేనివాళ్ళ గోడు కూడా మీరే వినాలి.

మేం అడిగేది ఎక్కువేం కాదు. మీ జాబితాలోవన్నీ చేసి నిరూపించుకున్న ఇంటికి పాలసీ ఇవ్వాల్సిందేనని రాయించండి. పైనుంచి తీసిన ఫొటో ఆధారంగా తీసేస్తే ఆ ఫొటో, దాని తేదీ ముందు ఇంటివాళ్ళకి పంపాలి, సరిదిద్దుకునే గడువు ఇవ్వాలి. అప్పీలు కంపెనీ బయటి మనిషి వినాలి, వీలైతే ఇంటికొచ్చి కళ్ళతో చూడాలి. మేం ఎవరినైనా రమ్మంటున్నాం, వెంట్లు విప్పి చూపిస్తాం, కంకర తవ్వి చూపిస్తాం. ఫెయిర్ ప్లాన్ తప్ప గతి లేని వాళ్ళకి నీళ్ళ నష్టం, దొంగతనం, ఎవరైనా జారిపడి కేసు వేస్తే పడే లయబిలిటీ కూడా అందులోనే వచ్చేలా చూడండి. పక్కింటి పెద్దావిడలాంటి వాళ్ళకి ఏదో ఒక దారి చూపించండి. మళ్ళీ మళ్ళీ అడుగుతున్నది ఒకటే, చేసిన పనికి విలువ ఇవ్వండి.

మీ పదవీకాలం ఇంకెంతో లేదు, 2026 నవంబరులో కొత్త కమిషనర్‌కి ఎన్నిక. తర్వాతి వాళ్ళు చూసుకుంటారని ఈ ఫైలు పక్కన పెట్టకండి, దండం పెట్టి అడుగుతున్నాను. తర్వాతి వాళ్ళు వచ్చి అర్థం చేసుకునేలోపు మా వీధిలో ఇంకెన్ని కవర్లు వస్తాయో. మా రెన్యువల్ తేదీ మళ్ళీ దగ్గర పడుతోంది. అంతకు ముందే జవాబు రాయండి. అచ్చు కొట్టిన జవాబు వద్దు.

ఇట్లు,
ఎల్ డొరాడో హిల్స్ నుంచి
ఒక ఇంటి ఇల్లాలు