చిన్నాకి, ఆ మే నెల సంగతి

చిన్నా,

నువ్వు క్షేమమని తలుస్తాను. మెస్‌లో పెరుగు మరీ పుల్లగా ఉంటోందన్నావు కదా, మీ వార్డెన్ గారితో మాట్లాడాను, చూస్తానన్నారు. ఈ ఉత్తరం మాత్రం దాని గురించి కాదు.

దసరాకి వచ్చినప్పుడు మీ అత్తతో ఒక మాట అన్నావట. "తాతయ్యకి కరోనా నా వల్లే వచ్చింది, నేనే పక్క పోర్షన్‌కి వెళ్లి ఆడుకున్నాను" అని. అత్త నాకు నిన్న చెప్పింది. ఎందుకు చెప్పిందని ఆమె మీద కోపం పెట్టుకోకు, చెబుతూ ఏడ్చేసింది. ఫోన్‌లో అడిగితే నువ్వు మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నాను. ఆరో తరగతిలో నీ బుర్రలో పడిన ఆ మాటని ఇంటర్ దాకా ఒక్కడివే మోశావంటే నాకు నిన్న రాత్రి అన్నం సహించలేదు.

గుమ్మం దాటకపోతే రోగం రాదని అప్పట్లో అందరూ అన్నారు. ఎవరూ గుమ్మం దాటని ఇల్లు మన వీధిలో ఒక్కటి చెప్పు చూద్దాం. 2021 మే 5 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల నుంచి మర్నాడు పొద్దున్న 6 దాకా కర్ఫ్యూ పెట్టారు. అంటే కంచరపాలెం కంచరపాలెమంతా పాలకీ కూరగాయలకీ మందులకీ బ్యాంకుకీ ఆ ఆరు గంటల్లోనే బయటికి రావాలి. రోజంతా పలచగా తిరిగే జనం ఒక్క పూటలో ఇరుక్కున్నారు. మీ నాన్నది కరెంటు పని, కర్ఫ్యూ అని లైన్లు పాడవకుండా ఉండవు కదా, రోజూ వెళ్లేవారు. నానమ్మ కుళాయి దగ్గరికి వెళ్లేది. రేషన్‌కీ మందుల షాపుకీ నేను వెళ్లేదాన్ని. తాతయ్య టీకా రెండో డోసు కోసం పొద్దున్నే వెళ్లి క్యూలో నిలబడి వచ్చారు. ఇంతమంది వెళ్లి వస్తున్న ఇంట్లో తప్పంతా నీ క్యారమ్ బోర్డు మీద ఎలా పడింది?

ఇలాంటి అనుమానం అమెరికాలో అప్పటి న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ క్యూమోకి కూడా వచ్చింది. 2020 మేలో, అక్కడ లాక్‌డౌన్ నడుస్తుండగానే, ఇంకా ఆస్పత్రుల్లో చేరుతున్నది ఎవరా అని 113 ఆస్పత్రుల్లో వాకబు చేయించారు. పనులకి వెళ్లేవాళ్లు, రైళ్లు ఎక్కేవాళ్లు ఎక్కువుంటారనుకున్నారు. తీరా చూస్తే 66 శాతం మంది సొంత ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఆయన ఆ లెక్క చెబుతూ ఆశ్చర్యపోయారు. నాకైతే అందులో వింత కనబడదు. ఊరంతా ఇళ్లలో ఉన్నప్పుడు జబ్బుపడేవాళ్లు కూడా ఇళ్ల నుంచే వస్తారు. ఇల్లు అన్నది ఆ రోగి చిరునామా మాత్రమే. ఆ చిరునామాలో ఇంకెవరున్నారు, వాళ్లలో బయటికి వెళ్లి వచ్చేదెవరు అన్నది అడిగితే కదా అసలు సంగతి తెలిసేది.

ఇంక అది ఎలా అంటుకుంటుందో చూడు. నువ్వు పాల ప్యాకెట్లు సబ్బునీళ్లతో కడిగేవాడివి గుర్తుందా? ఎంత శ్రద్ధగా కడిగేవాడివో. వస్తువులు తాకితే వచ్చేస్తుందని ఊరంతా భయపడింది. వైరస్ అంటిన వస్తువుని తాకడం వల్ల జబ్బు వచ్చే అవకాశం 10,000లో ఒకటి కంటే తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పింది. అసలు దారి ఊపిరి. దగ్గినప్పుడే కాదు, మాట్లాడినా, పాడినా, ఊరికే గాలి పీల్చి వదిలినా కంటికి కనబడనంత చిన్న తుంపర్లు వస్తాయి. గాలి ఆడని గదిలో అవి గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. పక్క పోర్షన్‌లో ఎండుచేపలు వేయిస్తే మన మంచం మీదికి వాసన రాదూ? ఆరడుగుల దూరంలో ఉన్నామా లేదా అని అది చూడదు కదా.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక బృందగాన సాధన జరిగింది. 61 మంది వచ్చారు. చేతులకి శానిటైజర్ రాసుకున్నారు, కరచాలనాలు మానుకున్నారు. ఒంట్లో బాగాలేని ఒక్కరి వల్ల, రెండున్నర గంటల పాటలో, మిగతావాళ్లలో 52 మందికి అంటుకుంది. ఇద్దరు చనిపోయారు. ఇంత జరిగినా అదే నెల 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇది గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. అవుననే మాట తన వెబ్‌సైట్‌లో స్పష్టంగా పెట్టింది 2021 ఏప్రిల్ ఆఖరున, మన ఇంట్లో జ్వరాలు మొదలవడానికి కొద్ది రోజుల ముందు. అన్నేళ్లు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఈ ఆలస్యం మీద నాకు ఇప్పటికీ కోపమే. కిటికీలు తీయండి, గాలి ఆడనివ్వండి అన్న ఒక్క ముక్క ముందే గట్టిగా చెప్పి ఉంటే ఎన్ని ఇళ్లు నిలిచేవో. మనవి రెండు గదులు, ఐదుగురం. మే నెల ఉక్కపోతలో పగలంతా కూలర్ ఉన్న గదిలోనే అందరం. సాయంత్రమయ్యేసరికి దోమలని కిటికీలు మూసేది వీధి వీధంతా. హాయిగా గాలి వీచే బీచ్ మాత్రం ఆ వేళకి కర్ఫ్యూలో ఉండేది.

నీ అనుమానం నాకు తెలుసు. పరీక్షలో నీకు పాజిటివ్ వచ్చింది, ఒంట్లో మాత్రం ఏమీ లేదు. అందుకని నువ్వే తెచ్చి తాతయ్యకి ఇచ్చావనుకున్నావు. అదే వైరస్ తాతయ్య నుంచి నీకు వచ్చి ఉండకూడదా? నాన్న నుంచి ఇద్దరికీ వచ్చి ఉండకూడదా? లోపలికి వెళ్లిన వైరస్ బయటపడడానికి రెండు రోజులు పట్టొచ్చు, పద్నాలుగు రోజులూ పట్టొచ్చు. మామూలుగా ఐదారు రోజులు. కాబట్టి ముందు జ్వరం వచ్చినవాడే ముందు తెచ్చినవాడని చెప్పడానికి లేదు. పైగా మనిషి దీన్ని ఎక్కువగా అంటించేది జ్వరం తగలడానికి ఒకటి రెండు రోజుల ముందు, ఆ దరిదాపుల్లోనే. తాతయ్యని వేరే గదిలో పడుకోబెట్టేసరికే మనమందరం ఆ గాలి పీల్చేశాం. మీ నాన్నకి ఒళ్లునొప్పులు ముందే ఉన్నాయి, ఎండలో స్తంభాలెక్కడం వల్ల అనుకున్నారు.

మన రాష్ట్రంలోనూ తమిళనాడులోనూ 2020లో ఒక పెద్ద పరిశోధన చేశారు. రమణన్ లక్ష్మీనారాయణ్ గారూ మరికొందరూ కలిసి, దాదాపు 85 వేల మంది రోగులనీ, వాళ్లతో మెలిగిన 5,75,000 మందినీ పరిశీలించారు. పదిమంది రోగుల్లో ఏడుగురి నుంచి, వాళ్లు కలిసినవాళ్లలో ఒక్కరికి కూడా సోకినట్టు తేలలేదు. కొద్దిమంది నుంచి మాత్రం చాలామందికి పాకింది. ఆ కొద్దిమందీ చెడ్డవాళ్లు కాదు నాన్నా. ఆ సమయానికి ఒంట్లో వైరస్ ఎక్కువగా ఉండి, మూసిన గదిలో నలుగురి మధ్యా కూర్చున్నారు, అంతే.

నువ్వు తేలేదని నేను ఒట్టు వేసి చెప్పను. ఎవరు తెచ్చారో ఏ డాక్టరూ ఇప్పుడు తేల్చలేడు. కానీ ఆ మధ్యాహ్నం "ఎల్లి ఆడుకోరా, ఎంతసేపని గోడలు సూస్తావు" అని నిన్ను పంపింది తాతయ్యే. నేను వంటింట్లోంచి విన్నాను. ఒకవేళ నీ ద్వారానే వచ్చిందనుకో, పదకొండేళ్ల పిల్లాడు ఆడుకోవడం నేరమెలా అవుతుంది? తాతయ్య బతికుంటే ఈ మాట అన్నందుకు నిన్ను కసిరేవారు.

మన విశాఖ స్టీల్‌ప్లాంట్ నుంచి మహారాష్ట్రకి ఆక్సిజన్ రైలు వెళ్తుంటే టీవీలో నీకు చూపించి ఎంత మురిసిపోయారో గుర్తుందా? ఆ ఆక్సిజన్ తయారయ్యే ఊళ్లోనే ఆయనకి పడక కోసం ఒక రాత్రంతా తిరిగాం. ఎవరినైనా నిలదీయాలనుకుంటే ఆ రాత్రి గురించి నిలదీద్దాం, నీ గురించి కాదు.

ఇంకొకటి, ఇది నీకు తెలియదు. మీ నాన్న కూడా ఇన్నాళ్లుగా తనే తెచ్చానని అనుకుంటున్నారు. డ్యూటీ నుంచి వచ్చి తాతయ్య పక్కన కూర్చుని టీ తాగేవారు కదా, ఆ టీ గురించి నాతో ఎన్నోసార్లు అన్నారు. నానమ్మ కుళాయి దగ్గర మాటలు పెట్టుకున్నానని బాధపడుతుంది. ఒకే ఇంట్లో ఉంటూ ముగ్గురూ ముగ్గురికి తెలియకుండా ఇదే మాట మోస్తున్నారు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాకు చేయకు, నాన్నకి చెయ్యి. నీ క్యారమ్ బోర్డు సంగతి నువ్వే చెప్పు. ఆ టీ సంగతి ఆయన చెబితే మధ్యలో ఆపకుండా విను.

అమ్మ