సర్పంచి ఎవరంటే మామ పేరు చెప్పాడు

సంపాదకుడు గారికి,

కడప దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఈమధ్య పదో తరగతిలో "మీ ఊరి సర్పంచి ఎవరు?" అని అడిగితే ఒక పిల్లవాడు టక్కున ఒక మగమనిషి పేరు చెప్పాడు. ఆ ఊళ్లో గెలిచింది ఆయన భార్య. ఆ మాటే అంటే, "పేరుకే మా అత్త సార్, పనులన్నీ మా మామే చూస్తాడు" అన్నాడు. క్లాసులో ఎవరికీ అది తప్పనిపించలేదు, ఆడపిల్లలకు కూడా. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవని పరీక్షలో అందరూ రాస్తారు. నమ్మేది మాత్రం ఇంట్లో చూసిందే.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒకే బెంచీలో కూర్చునే ఇద్దరిలో ఒకడు రెండోవాడి సీసాలో నీళ్లు తాగడు. విడిగా పిలిచి అడిగాను. "మా జేజి తిడతాది సార్" అన్నాడు తలొంచుకుని. జేజి అంటే నానమ్మ. ఆ స్నేహితుడంటే వాడికి ప్రాణం. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసిందని తడుముకోకుండా అప్పజెప్తాడు కూడా. అయినా నీళ్లు తాగడు.

ఇళ్లన్నీ ఇట్లే ఉన్నాయనను. ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు వస్తాయి, స్వామి తమ ఇంటి అల్లుడని. కడపలోని పెద్ద దర్గాకు హిందువులు పోతారు. అట్లా అమ్మానాన్నల చేయి పట్టుకుని పోయివచ్చిన పిల్లల మాటతీరే వేరు. కానీ ఇప్పుడు అన్నం తినేటప్పుడు ఫోన్లో ఏదో వీడియో చూసి "వాళ్లంతా అంతే" అనేస్తున్నాం. పిల్లలు తలెత్తకుండా తింటూనే అన్నీ వింటారు. "ఎందుకు నాయనా?" అని అడిగితే "పెద్దోళ్లకు ఎదురు చెప్తావా" అంటాం. నేనూ అట్లే పెరిగాను. మొదటి ఓటు మా నాయన చెప్పిన గుర్తుకే వేశాను, ఎందుకని అడగలేదు. ఇప్పుడు నా ముందు కూర్చున్న ఈ పిల్లలకు 2029 ఎన్నికల నాటికి ఓటు వస్తుంది.

ప్రభుత్వం పెట్టే మెగా పేరెంట్ టీచర్ మీటింగులో మార్కులు, హాజరు అయ్యాక ఒక అరగంట దీనికి ఇవ్వాలని విద్యాశాఖను కోరుతున్నాను. పిల్లల ముందు కులం పేరు, మతం పేరు ఎత్తి మనం ఏం మాట్లాడుతున్నామో కూర్చుని మాట్లాడుకోవాలి. అమ్మానాన్నలతో పాటు జేజిని, అబ్బను (తాతను) కూడా పిలవాలి. మా బడిలో నా క్లాసు పిల్లల ఇళ్లకు కబురు పంపుతున్నాను.

– ఒక సోషల్ టీచరు, కడప