కటా జట్టు పిల్లలు ఇంకా మొదటి కటాల దగ్గరే ఎందుకు ఉన్నారు?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో ఎక్కువ చోటు కరాటే జట్టుకే కేటాయించాను. పరీక్షల తేదీలు, వనభోజనాల వివరాలు లోపలి పేజీలో ఉన్నాయి. డిసెంబరులో జరిగే బాలబాలికల కటా పోటీలకు ఐదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదువుతున్న మన పిల్లలు సిద్ధమవుతున్నారు. ఈ మధ్య నన్ను కలిసిన తల్లిదండ్రులు చాలామంది ఒకే మాట అడిగారు: "వేరే పిల్లలు గాలిలోకి ఎగిరి తిరిగే కటాలు చేస్తున్నారు. మా అమ్మాయి ఇంకా మొదటి కటాలైన హెయాన్ షోదాన్, హెయాన్ నిదాన్ దగ్గరే ఉంది. ఇలాగైతే పతకం ఎలా వస్తుంది?" అడగవలసిన ప్రశ్నే. దారిలో నిలబడి చెప్పే జవాబు కాదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కరాటేతో పరిచయం లేని ఇళ్ల కోసం ముందుగా ఒక మాట. ఎదుట ప్రత్యర్థి లేకుండా, నిర్ణీత క్రమంలో, నిర్ణీత దిశల్లో చేసే అడ్డుకట్టలు, గుద్దులు, తన్నుల వరుసను కటా అంటారు. ఇద్దరు తలపడేది కుమితే. కుమితేలో బరువును బట్టి విభాగాలుంటాయి, కటాలో ఉండవు. కాబట్టి జట్టులోని ఏ బిడ్డకూ పోటీ కోసం తిండి తగ్గించకండి.

హెయాన్ వరుసలోని ఐదు కటాలను మొదటి నుంచీ బడి పిల్లల కోసమే కూర్చారు. ఒకినావా ద్వీపంలో ఇతోసు అన్కో అనే గురువు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో కరాటేను పాఠశాలల్లో ప్రవేశపెట్టినప్పుడు వీటిని పినాన్ అన్న పేరుతో రూపొందించారు. ఆయన శిష్యుడు, స్వయంగా బడిపంతులు అయిన ఫునాకోషి గిచిన్ 1922లో కరాటేను టోక్యోకు తీసుకువెళ్లారు. తర్వాత వీటిని హెయాన్ అని పిలిచారు. అదే ఫునాకోషి, టెక్కి అనే మూడు కటాలు నేర్చుకోవడానికి తనకు పదేళ్లు పట్టిందని రాసుకున్నారు. మన పిల్లలు ఒక కటాతో రెండేళ్లు గడపడం ఆలస్యమని నాకు అనిపించడం లేదు.

రోజూ సాయంత్రం బడి వదిలాక మేడమీది హాలులో కాసేపు నిలబడి సాధన చూస్తుంటాను. హెయాన్ షోదాన్‌లో 21 కదలికలున్నాయి. తొమ్మిదో కదలికలో కుడి కాలు ముందుకు వేసి, చేతిని నుదుటి పైకి ఎత్తి, గట్టిగా కియాయ్ (ఊపిరి బిగించి వేసే కేక) ఇస్తారు. ఆ వెంటనే ఆ కుడి కాలి మీదే బరువు నిలిపి, ఎడమ కాలిని వెనుకగా తిప్పుకుంటూ ముప్పావు చుట్టు తిరగాలి. తిరిగి నిలిచే సరికి కింది అడ్డుకట్ట, అంటే చేతిని కిందికి దించి అడ్డుకోవడం, కూడా పూర్తవ్వాలి. చూడటానికి క్షణం పని. ఆరో తరగతి అమ్మాయి ఒకరికి ఇక్కడే ప్రతిసారీ తూలు వచ్చేది. చేతుల్లో లోపమని నేను అనుకున్నాను. కరాటే మాస్టారు మాత్రం చేతుల వంకే చూడలేదు. సుద్దముక్కతో నేల మీద ఆమె నడుము వెడల్పున రెండు సమాంతర గీతలు గీశారు. తిరిగాక ఎడమ పాదం తన గీత మీద పడాలి. ఆమె పాదం ప్రతిసారీ కుడి పాదం ఉన్న గీత మీదకే వచ్చేస్తోంది. రెండు పాదాలు ఒకే గీత మీద ఉంటే ఎవరైనా తూలుతారు. దసరా సెలవుల తర్వాత చాలా రోజులు ఆమెతో చేతులు నడుముకు ఆనించి ఆ ఒక్క తిరుగుడే చేయించారు. తల పైకి లేవకూడదు, చూపు పాదాల మీదికి దిగకూడదు, మడమ నేలను వదలకూడదు. గత వారం ఆమె తిరిగి ఆగినప్పుడు డ్రెస్సు అంచు మాత్రమే కదిలింది, మనిషి కదలలేదు. పక్కనున్న పిల్లలు అడగకుండానే చప్పట్లు కొట్టారు.

ఆ తిరుగుడు కుదరని బిడ్డకు ఉన్సు లాంటి కటా నేర్పితే ఏమవుతుంది? అందులో గాలిలోకి ఎగిరి పూర్తి చుట్టు తిరిగి దిగాలి. నేల మీదే నిలవని పాదం గాలిలో నుంచి దిగి ఎలా నిలుస్తుంది? దిగేటప్పుడు భారమంతా మోకాలి మీద, మడమ మీద పడుతుంది. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య, ఎముకలు వేగంగా ఎదిగే వయసులో, మడమ వెనుక భాగం గెంతులకు, పరుగులకు సులువుగా నొప్పి పెడుతుంది. మీ బిడ్డ పొద్దున్నే మంచం దిగి మునివేళ్ల మీద నడుస్తున్నా, బడి నుంచి కుంటుతూ వచ్చినా "కరాటే అన్నాక నొప్పులు మామూలే" అని సరిపెట్టకండి. మాకు చెప్పండి, డాక్టరుకు చూపించండి. అలాంటప్పుడు సాధన ఆపిస్తాం, జట్టులో చోటు మాత్రం పోదు.

చిన్న కటాతో పతకం వస్తుందా అన్న ప్రశ్నకు వస్తాను. పిల్లల పోటీల్లో చాలా చోట్ల ఇద్దరిద్దరిని పిలుస్తారు, ఒకరికి ఎర్ర బెల్టు, ఒకరికి నీలం బెల్టు. న్యాయనిర్ణేతలు ఎవరు మెరుగ్గా చేశారో చూసి ఆ రంగు జెండా ఎత్తుతారు. వాళ్లు చూసేది నిలకడ, సమయం, శ్వాస, చూపు, బలం. తడబడిన పెద్ద కటా కంటే నిలిచిన చిన్న కటా వైపు జెండాలు లేవడం నేను కళ్లారా చూశాను. టోక్యో ఒలింపిక్స్ కటా పోటీలు 2021 ఆగస్టులో అక్కడి బుడోకాన్ హాలులో జరిగాయి. మహిళల స్వర్ణం గెలిచిన స్పెయిన్ క్రీడాకారిణి సాండ్రా సాంచెజ్ వయసు అప్పటికి 39 ఏళ్లు. మన పిల్లలు ఇంకా బడి వయసులోనే ఉన్నారు. తొందర దేనికి?

నియమాల్లో మీరు తప్పక తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బరిలోకి వెళ్లిన బిడ్డ తాను చేయబోయే కటా పేరు పెద్దగా ప్రకటించాలి. ఒక పేరు చెప్పి మరొకటి చేస్తే పోటీ నుంచి తొలగిస్తారు. ఐదు హెయాన్ కటాలూ ఎడమవైపు తిరగడంతోనే మొదలవుతాయి. కంగారులో ఉన్న పిల్లలు ఒకదానిలోంచి మరోదానిలోకి జారిపోవడం ఇందుకే. నడుము మీంచి జారేంతగా బెల్టు వదులైనా, కావాలని కాలు నేలకేసి చప్పుడు చేసినా తప్పు కిందే లెక్క. పక్కనుంచి ఎవరైనా అరిచి అందించినా అంతే. గ్యాలరీలోంచి "ఎడమకు తిరుగు నాన్నా!" అని మీరు ప్రేమగా అరిస్తే నష్టం మీ బిడ్డకే. కటా ముగిసి నమస్కరించే వరకు నోరు విప్పకండి. ఆ తర్వాత హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టండి, నేనూ కలుస్తాను.

ఇంట్లో ఫోను చూసి కటాలు నేర్పించడం దయచేసి ఆపండి. మీ శ్రద్ధను తప్పు పట్టడం లేదు. కరాటేలో షోటోకాన్, షిటో ర్యూ, గోజు ర్యూ, వాడో ర్యూ వంటి వేర్వేరు సంప్రదాయాలున్నాయి. మనది షోటోకాన్. మిగతా కొన్నిటిలో పినాన్ షోదాన్ అనేది మన హెయాన్ నిదాన్, వాళ్ల పినాన్ నిదాన్ మన హెయాన్ షోదాన్. మొదటి రెండింటి వరుసను ఫునాకోషి తారుమారు చేశారు. పేరు చూసి వీడియో పెడితే బిడ్డ మర్నాడు హాలుకు వేరే కటాతో వస్తోంది. దాన్ని సరిచేయడానికే మాస్టారికి ఆ పూటంతా సరిపోతోంది. ఇంట్లో చేయించాలంటే గోడకు వీపు ఆనించి నడుము నిటారుగా నిలబడటం, ముందు కాలి మోకాలు పాదం వేళ్ల దిశలోనే వంగుతోందా అని గమనించడం చాలు.

కొత్త డ్రెస్సు కొనవలసిన పని లేదు. చెయ్యి విసిరితే చప్పుడొచ్చే మందపాటి కటా డ్రెస్సులు మన విశాఖ ఉక్కపోతలో పిల్లలకు శిక్షే. శుభ్రంగా ఉతికిన తెల్ల డ్రెస్సు, సరైన పొడవు బెల్టు, కత్తిరించిన గోళ్లు ఉంటే చాలు. ఎర్ర, నీలం బెల్టులు పాఠశాల ఇస్తుంది.

ఆదివారాల్లో ఉదయం ఆరింటికి ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీద కాళ్ల బలం కోసం అడుగులు వేయిస్తున్నాం. తిరుగుళ్లు అక్కడ చేయించం, ఇసుకలో పాదం కూరుకుపోయి మోకాలు మెలిపడుతుంది. అలలకు దూరంగానే ఉంటారు, ఇద్దరు ఉపాధ్యాయులు వెంట ఉంటారు. కార్తీక వనభోజనాలున్న ఆదివారం సాధనకు రాకపోయినా ఏమీ అనం, చుట్టాలతో గడపనివ్వండి. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక ఇస్తే బీచ్ సాధన ఉండదు, ఫోను సందేశం పంపుతాం.

పోటీ రోజు ఉదయం ఇడ్లీ, అరటిపండు వంటివి రెండు గంటల ముందే పెట్టండి. నీళ్ల సీసా మరవకండి. బస్సు ఆరున్నరకు పాఠశాల గేటు దగ్గర బయలుదేరుతుంది, దారిలో గాజువాక, ఎన్ఏడీ కూడలి దగ్గర ఆగుతుంది. అనుమతి పత్రం మీద సంతకం చేసి వచ్చే శుక్రవారంలోగా తరగతి ఉపాధ్యాయులకు అందజేయండి. పిల్లల మడమ, మోకాలు, ఆస్తమా సమస్యలేవైనా ఉంటే అదే పత్రం వెనుక రాయండి. మాస్టారితో మాట్లాడాలనుకునేవారు శనివారం సాయంత్రం సాధన అయ్యాక మేడమీది హాలుకు రావచ్చు. చెప్పులు మెట్ల దగ్గరే విడవండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు